పన్ను అత్తగారిది... ఫోను మా వారిది!

మా అత్తగారికి ఒక అలవాటుంది. జ్వరం వస్తే "కాస్త ఒళ్ళు వెచ్చబడిందంతే" అంటారు. కాళ్ళు వాస్తే "చెప్పులు బిగుతయ్యాయి" అంటారు. డెబ్భయ్యేళ్ళ మనిషి, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. అయినా సరే, తన నొప్పి తనతోనే ఉండాలి, ఇంకొకళ్ళ చెవిన పడకూడదు. ఇలాంటి అత్తగార్లు, అమ్మలు, పెద్దమ్మలు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. ఆ మాటకొస్తే మనం మాత్రం తక్కువ తిన్నామా?

ఈ అలవాటు ఒకసారి ఆవిణ్ణి ఆస్పత్రి మంచందాకా తీసుకెళ్ళింది. అందులో ఆవిడ తప్పెంత, మా తప్పెంత, మా వారి జేబులోని సెల్‌ఫోను తప్పెంత అని ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. కథలు రాసుకునేదాన్ని కదా, ముందు దీన్నీ ఒక కథ చేద్దామనుకున్నాను. కానీ కథగా రాస్తే చదివి "అయ్యో పాపం" అని పేజీ తిప్పేస్తారు. ఇది తిప్పేయాల్సిన పేజీ కాదనిపించింది. అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

అయిదు నక్షత్రాలు

మా అత్తగారు చల్లపల్లి దగ్గర పల్లెటూళ్ళో ఉంటారు. మేం బెజవాడలో, సత్యనారాయణపురంలో. రెండేళ్ళ క్రితం మినుము పంట చేతికొచ్చే రోజుల్లో ఆవిడకు కింది దవడ పన్ను పుచ్చి బాధ పెట్టింది. నెల్లాళ్ళు లవంగం నొక్కిపెట్టుకుని నెట్టుకొచ్చారని మాకు ఆలస్యంగా తెలిసింది. బలవంతాన బెజవాడ రప్పించి ఒక పళ్ళ డాక్టరుకు చూపించాం. పన్ను నిలబెట్టే దశ దాటిపోయిందన్నారు. షుగరు పరీక్ష చేయించి, ఫర్వాలేదనుకున్నాక పీకేశారు. దూది నొక్కిపెట్టి, మందుల చీటీ ఒకటి, చేయాల్సినవీ చేయకూడనివీ రాసి ఉన్న ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చి పంపారు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు సంచీ సర్దేశారు. "ఎల్లుండి మినుము పీకడానికి కూలీలొస్తారమ్మా. గేదెను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చాను. ఇక్కడ కూర్చుని నేనేం చేస్తాను?" అన్నారు. మా వారు బస్టాండుకు తీసుకెళ్ళి అవనిగడ్డ బస్సెక్కించారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. క్లినిక్కులో పేరు రాసుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి "ఫోన్ నంబరు?" అని అడిగింది. మా వారు ఠక్కున తన నంబరు చెప్పారు. మన ఇళ్ళల్లో అంతే కదా! గ్యాసు బండకు ఆయన నంబరే, పిల్లల స్కూలుకు ఆయన నంబరే, చివరికి నా బ్లౌజులు కుట్టే టైలరు దగ్గర కూడా ఆయన నంబరే. పక్కనే నిలబడి ఉన్న నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మా వారి ఫోనుకు క్లినిక్కు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాం, మా సేవలకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని దాని సారాంశం. మా వారు మొహమాటస్తులు. అయిదు నక్షత్రాలూ నొక్కేసి భోజనానికి లేచారు.

అదే మధ్యాహ్నం మా అత్తగారు నోరు సరిగ్గా తెరవలేక, అన్నం ముట్టకుండా ఇన్ని మజ్జిగ నీళ్ళు తాగి పడుకున్నారట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

అయిదో రోజు రాత్రి తొమ్మిదింటికి పక్కింటివాళ్ళ అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, తన ఫోన్లోంచి నాకు వీడియో కాల్ చేసింది. "ఆంటీ, మామ్మగారిని ఒక్కసారి చూడండి" అంటూ ఫోను అటు తిప్పింది. చూసి నా గుండె జారిపోయింది. దవడ కింద నుంచి మెడదాకా వాపు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. అప్పుడు కూడా ఆవిడ "ఏం లేదమ్మాయ్, చలిగాలి కొట్టిందంతే" అంటున్నారు!

రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని బెజవాడ తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చాం. ఆ చీము ఇంకా కిందికి దిగితే ఊపిరికే అడ్డం పడేదన్నారు. చీము తీసి, నరానికి మందులెక్కించి, షుగరును అదుపులోకి తెచ్చి నాలుగు రోజులకు ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన రోజు నేను ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, అంత బాధగా ఉంటే ఒక్క ఫోన్ చేయించలేకపోయారా?"

ఆవిడ నావైపు తెల్లబోయి చూశారు. "పన్ను పీకాక నొప్పి ఉండదా అమ్మా? ఉండేదే అనుకున్నాను. ఎంత ఉండాలో, ఎన్నాళ్ళు ఉండాలో నాకేం తెలుసు? ఎవరన్నా అడిగితే చెప్పేదాన్ని."

అడిగితే చెప్పేదాన్ని! ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నిజానికి అడిగారు. కాకపోతే ఆవిణ్ణి కాదు, వాళ్ళబ్బాయిని. అదీ ఇంగ్లీషులో.

"నొప్పొస్తే రండి"

నా చిన్నప్పుడు పళ్ళ డాక్టర్లు ఒకటే మాట అనేవారు. "మళ్ళీ నొప్పొస్తే రండి" అని. అప్పటికి అంతకంటే మార్గం లేదు. ఊళ్ళో ఒకటో రెండో ఎస్‌టీడీ బూతులు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. అది మన ఊళ్ళదాకా వచ్చాక కూడా, వచ్చిన కాల్ ఎత్తినందుకు మనమే డబ్బు కట్టాల్సిన రోజులుండేవి. 2003లో ఆ బెడద పోయింది. ఇవాళ చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషి చేతిలో కూడా వాట్సాప్ ఉంది. అయినా చాలాచోట్ల పంటి వైద్యం మాత్రం ఇంకా "నొప్పొస్తే రండి" దగ్గరే ఆగిపోయింది.

ఆ మాటతో వచ్చిన చిక్కేమిటో తెలుసా? పంటి విషయంలో నొప్పి సరైన కబురు తేదు. రావాల్సినప్పుడు రాదు. వచ్చినప్పుడు అది మామూలు నొప్పో, ప్రమాదం నొప్పో మనకు తెలియదు.

పన్ను తీసిన గుంతలో నెత్తురు గడ్డకడుతుంది. పుండు మానేదాకా లోపలి ఎముకకు ఆ గడ్డే కప్పు. అందుకే మొదటి 24 గంటలు గట్టిగా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, పొగ తాగకూడదు అంటారు. ఆ గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి, రెండో రోజుకో మూడో రోజుకో తగ్గాల్సిన నొప్పి తగ్గకపోగా చెవిదాకా లాగుతుంది. నోరు వాసనేస్తుంది. దీన్ని డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. గుంత కడిగి మందు పెడితే త్వరగానే ఉపశమనం దొరుకుతుంది. కానీ వెళితే కదా!

వాపూ అంతే. పన్ను తీశాక కాస్త వాపు సహజం. రెండో మూడో రోజుకు ఎక్కువై, ఆ తర్వాత తీయాలి. మూడో రోజు దాటాక కూడా పెరుగుతోందంటే లోపల చీము పడుతోందేమోనని అనుమానించాలి. షుగరున్నవాళ్ళల్లో పుండు మానడం ఆలస్యం, చీము పట్టడం తేలిక. మా అత్తగారికి జరిగింది అదే.

అంటే మొత్తం కీలకమంతా ఆ మూడో రోజులో ఉంది. ఆ రోజుకు పేషెంటు ఎక్కడుంటోంది? తన ఊళ్ళో, తన వంటింట్లో, బెజవాడకు రెండు గంటల దూరంలో. ఆ రెండు గంటల దూరాన్ని దాటగలిగింది ఒక్క ఫోనే.

నాలుగు గళ్ళ నోటుపుస్తకం

ఆ తర్వాత ఆరు నెలలకు అత్తగారికి పైపన్ను ఒకటి సలపడం మొదలుపెట్టింది. ఈసారి మా ఆడపడుచు చెప్పిన ఒక లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళాం. సూర్యారావుపేటలో ఒక సందులో మేడ మీద చిన్న క్లినిక్కు. ఏసీ గది లేదు, గోడ మీద పెద్ద టీవీ లేదు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చేతిలో మాత్రం ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది.

"ఫోన్ నంబరు?" అంది. మా వారు అలవాటుగా నోరు తెరిచారు. ఆ అమ్మాయి ఆగమన్నట్టు చూసి, మా అత్తగారివైపు తిరిగింది. "మామ్మగారూ, మీ ఇంట్లో మీ చేతికి అందే ఫోను ఏది?"

ఆ ప్రశ్న నేను అంతకుముందు ఏ ఆస్పత్రిలోనూ వినలేదు. అత్తగారు కాసేపాలోచించి, "పక్కింటి పిల్లది" అన్నారు.

ఆ నోటుబుక్కులో నాలుగు గళ్ళున్నాయి. ఫోను ఎవరిది, పేషెంటు దగ్గరే ఉంటుందా, తెలుగు చదవగలరా లేక మాట్లాడే చెప్పాలా, ఏ వేళకు చేస్తే దొరుకుతారు. మా అత్తగారి పేరుకెదురుగా "పక్కింటి అమ్మాయి ఫోను, సాయంత్రం ఆరు తర్వాత, మాట్లాడే చెప్పాలి" అని రాసుకుంది. మా నంబరు దాని కింద రెండోదిగా రాసుకుంది.

రూట్ కెనాల్ మొదలుపెట్టిన రోజు సాయంత్రం ఒక ఫోను. మూడో రోజు ఒక ఫోను. ఆ ఫోన్లలో ఆ అమ్మాయి ఏం అడుగుతుందో డాక్టరుగారు నాకు చూపించారు. మీరూ వినండి, ఇంట్లో ఎవరికి పన్ను తీసినా పనికొస్తుంది.

"బాగున్నారా?" అని అడగదు. బాగున్నారా అంటే మనవాళ్ళు బాగున్నామనే అంటారు. "నిన్నటికంటే ఇవాళ నొప్పి ఎక్కువా, తక్కువా?" అంటుంది. "మందులు వేసుకుంటున్నారా?" అని అడగదు. "ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి చెప్పండి" అంటుంది. పన్ను తీసినవాళ్ళనైతే "నోట్లో ఎన్ని వేళ్ళు నిలువుగా పడుతున్నాయి? నిన్న ఎన్ని పట్టాయి?" అని అడుగుతుంది. మామూలుగా మూడు వేళ్ళు పట్టాలి. రోజురోజుకీ తగ్గుతోందంటే డాక్టరుకు చూపించాల్సిందే. "మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని కూడా అడుగుతుంది. షుగరువాళ్ళు తినలేక పస్తుండి మాత్ర వేసుకున్నా ముప్పే, తినడం లేదని మాత్ర మానేసినా ముప్పే. అలాంటప్పుడు ఫోన్ డాక్టరుగారి చేతికిచ్చేస్తుంది.

"దీనికి మీకు ఎంత ఖర్చవుతుందండీ?" అని అడిగాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆవిడ నవ్వారు. "రోజూ సాయంత్రం అరగంట. మొదట్లో మా అమ్మాయే విసుక్కునేది. ఒకసారి మూడో రోజు ఫోనులో ఒకాయన జ్వరం సంగతి బయటపెట్టాడు. ఆ రాత్రే రప్పించి చూశాం. అప్పట్నుంచి తనే నాకు గుర్తుచేస్తోంది."

రెండో ఫోను లేకపోతే మా అత్తగారు రెండో సిట్టింగుకు రారని నేను రాసివ్వగలను. ఎందుకంటే మొదటి సిట్టింగుతోనే సలుపు పోయింది. నొప్పి పోతే జబ్బు పోయినట్టే కదా మన లెక్క! అక్కడే మోసపోతాం. నరం తీసేసిన పన్నుకు నొప్పి తెలియదు. మధ్యలో ఆపేస్తే లోపల మళ్ళీ చీము పట్టినా ముందుగా చెప్పదు. క్యాప్ వేయించకుండా వదిలేస్తే ఆ పన్ను పెళుసుబారి ఒకరోజు పప్పుచెక్క కొరికినప్పుడు రెండు ముక్కలవుతుంది. పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు.

గొంతుకు గొంతే

ఇదంతా ఆ ఒక్క క్లినిక్కు వాళ్ళ చాదస్తం కాదు. కెనడాలో చిగుళ్ళకు సర్జరీ చేయించుకున్న 118 మందిని గమనించి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. సర్జరీ తర్వాత ఫోన్ చేసి పలకరించినవాళ్ళకు నొప్పి తక్కువనిపించింది, నొప్పి మాత్రలూ తక్కువే వాడారు. మందు అదే, కత్తి అదే. తేడా అల్లా ఒక పలకరింపు. మన అమ్మమ్మలకు ఇది అధ్యయనం లేకుండానే తెలుసు.

మరి మెసేజ్‌లు దండగా? అలా అనలేం. డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన తేదీని ఫోను మెసేజ్‌తో గుర్తుచేస్తే వచ్చేవాళ్ళు పెరుగుతారని, అందులో ఫోన్ చేసి చెప్పినా మెసేజ్ పెట్టినా దాదాపు ఒకటే ఫలితమని, 2013లో కొక్రేన్ సంస్థ వాళ్ళు అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. మెసేజ్‌కు ఖర్చు తక్కువ కూడానూ.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైందిది. తారీఖు గుర్తుచేయడానికి మెసేజ్ చాలు. నొప్పి కనుక్కోవడానికి మాత్రం మనిషి గొంతు కావాలి. నా అత్తగారి విషయంలో రెండోదాని బదులు మొదటిది వాడారు. అదీ వేరే మనిషికి పంపారు.

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు మనందరికీ ఫోన్ వైద్యం అలవాటైంది. నోట్లో పనిచేసే వైద్యం కదా, తుంపర్ల భయంతో అత్యవసరం కాని పళ్ళ పనులన్నీ ఆపేశారు. ఫొటో పంపితే చూసి సలహా చెప్పే పద్ధతి అప్పుడే ఊపందుకుంది. అదే నెల 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి పళ్ళ డాక్టర్ల కోసమని ప్రత్యేకంగా రాసినవి కావు గానీ, అందులో ఒక మాట నాకు నచ్చింది. ఎదురుగా చూసిన డాక్టరే ఆరు నెలల లోపు అదే జబ్బు కోసం ఫోన్లో మళ్ళీ చూస్తే దాన్ని ఫాలో అప్ అన్నారు. అంటే ముందొకసారి ముఖాముఖి చూసి ఉండాలి. ఫోను ఆ తర్వాతి సంగతి.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నోటి ఆరోగ్యానికి సెల్‌ఫోన్లను ఎలా వాడాలో చెప్తూ ఒక పుస్తకమే తెచ్చింది. ప్రపంచంలో సుమారు 350 కోట్లమందికి ఏదో ఒక నోటి జబ్బు ఉందని అదే సంస్థ 2022లో లెక్కగట్టింది. అంతమందికీ సరిపడా పళ్ళ డాక్టర్లు ఎక్కణ్ణించి వస్తారు? బెజవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలో సిద్ధార్థ డెంటల్ కాలేజీ ఉంది. నాగాయలంక నుంచో కైకలూరు నుంచో అక్కడికి రావాలంటే ఒక రోజు కూలి, రెండు బస్సు టిక్కెట్లు, తోడు ఒక మనిషి. ప్రతి చిన్న సందేహానికీ రమ్మంటే ఎవరొస్తారు? చిన్నవి ఫోనులో తేలిపోతే, పెద్దవాటికి బస్సెక్కే ఓపిక మిగులుతుంది.

ఫోను మనదేనా?

అయితే ఈ ఫోన్ వైద్యమంతా ఒక్కచోట ఆగిపోతుంది. ఫోను ఎవరి చేతిలో ఉంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను ఒక ప్రశ్న అడిగారు. మీరు స్వయంగా వాడుకునే ఫోను మీకుందా అని. ఉందన్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 54 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువే. ఆ సర్వే అడిగింది 15 నుంచి 49 ఏళ్ళ వయసువాళ్ళను. ఇక మా అత్తగారి ఈడువాళ్ళ మాట చెప్పాలా?

ఇంట్లో ఫోను లేదని కాదు. ఉంటుంది. కొడుకు దగ్గరో, మనవడి దగ్గరో, ఉద్యోగానికెళ్ళిన ఆయన జేబులోనో. పన్ను ఒకచోట, ఫోను ఒకచోట. 2025 జనవరిలో మన ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. ఇకమీదట అన్నీ ఫోనులోకే వస్తాయి, మంచిదే. కానీ ఆ ఫోను మన చేతిలో లేకపోతే వచ్చినదంతా మన దాకా ఎలా వస్తుంది?

ఇంకొకటి కూడా ఉంది. కొన్ని సంగతులు ఇంకొకళ్ళ ఫోన్లో చెప్పుకోలేం. నోట్లోంచి వాసనొస్తోందని, కట్టుడు పళ్ళు ఊడి అన్నంలో పడ్డాయని, మందులు కొనడానికి డబ్బుల్లేక సగమే కొన్నామని కొడుకు ఫోన్లో, కోడలి ఎదురుగా ఏ తల్లి చెప్పుకుంటుంది?

మనం చేసుకోగలిగినవి

క్లినిక్కులు ఎప్పుడు మారతాయో తెలియదు గానీ, మన చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. ఆ డాక్టరుగారు చెప్పినవీ, నేను దెబ్బతిని నేర్చుకున్నవీ కలిపి రాస్తున్నాను.

పేరు రాయించేటప్పుడు పేషెంటు చేతికి అందే ఫోను నంబరే రాయించండి. మీదో, మీవారిదో రెండోదిగా ఇవ్వండి. మెసేజ్ తెలుగులో పంపమని అడగండి. అడిగితే పంపేవాళ్ళున్నారు.

కుర్చీ దిగేముందు డాక్టరును మూడు సంగతులడగండి. నొప్పి ఎన్నాళ్ళుంటుంది? ఏ లక్షణం కనిపిస్తే మీకు ఫోన్ చేయాలి? క్లినిక్కు మూసిన వేళ ఎవరికి చేయాలి? జవాబులు మీ ఫోన్లోనే డాక్టరు గొంతుతో, ఆయన అనుమతి అడిగి, రికార్డు చేసుకోండి. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు వినిపించవచ్చు. కాగితం పోతుంది, గొంతు ఉంటుంది.

నోటి ఫొటో పంపమంటే పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీయండి. చెంపను చెంచా కాడతో నెమ్మదిగా పక్కకు లాగి, ఇంకొకళ్ళు తీయాలి. సెల్ఫీలు పనికిరావు. వాపుంటే ముఖం ఎదురుగా ఒకటి తీయండి, రోజూ అదే చోట అదే వేళకు తీస్తే పెరిగిందో తగ్గిందో తేలుతుంది. ఆ ఫొటోలు డాక్టరుకే పంపండి. మన బంధువుల గ్రూపులో పెడితే నలభై చిట్కాలొస్తాయి, నలభయ్యీ వేరువేరుగా ఉంటాయి.

లవంగనూనె నేరుగా చిగురు మీద పోయకండి, మంట పుడుతుంది. పుగాకు అసలే పెట్టకండి. యాంటీబయోటిక్ ఇచ్చి ఉంటే నొప్పి తగ్గిందని మధ్యలో మానకండి.

ఇక ఫోను చాలని సందర్భాలున్నాయి, ఇవి మాత్రం వంటింటి గోడకు అంటించుకోండి. నొక్కిపెట్టినా ఆగని నెత్తురు. జ్వరంతో కూడిన వాపు. మెడలోకి గానీ కంటివైపు గానీ పాకుతున్న వాపు. గుటక పడకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం. ఇందులో ఏ ఒక్కటున్నా ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. అర్ధరాత్రయినా బయల్దేరండి. బండి దొరక్కపోతే 108కి చేయండి.

మా ఇంట్లో ఇప్పుడు

మొన్న సంక్రాంతికి మా వారు వాళ్ళమ్మకు కొత్త చీరతోబాటు ఒక బటన్ల ఫోను కొనిచ్చారు. అయిదు నక్షత్రాల సంగతి ఆయన్నింకా గుచ్చుతూనే ఉంది, పైకి అనరు గానీ. పక్కింటి అమ్మాయి ఒకటో నంబరు నొక్కితే నాకు, రెండు నొక్కితే పళ్ళ క్లినిక్కుకు వెళ్ళేలా పెట్టింది.

అత్తగారు మొదట ముట్టుకోలేదు. "నాకెందుకమ్మా ఈ వయసులో" అన్నారు. ఈమధ్య ఆవిడకు చిన్న పార్షియల్ సెట్టు, అంటే రెండు మూడు కట్టుడు పళ్ళు పెట్టారు. మూడో రోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. పెరట్లో సన్నజాజులు కోస్తున్నారు. నడుముకు దోపుకున్న ఫోను మోగింది. తడిచేయి కొంగుకు తుడుచుకుని ఎత్తారు.

"ఆ... నేనేనమ్మా. నొప్పా? నిన్నటికంటే తక్కువే. కుడివైపు కొద్దిగా ఒరుసుకుంటోంది. ఆ, అవునమ్మా, అన్నం తినేటప్పుడే. వచ్చే ముందు రోజు పెట్టుకునే ఉండాలా? అలాగే. ఎక్కడ ఒరుసుకుందో గుర్తు కనబడాలనా? సరే..."

మాట అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుని, అరుగు మీద తీరిగ్గా కూర్చున్నారు.

"ఇంకొకటమ్మా... ఇది మీ పళ్ళ సంగతి కాదనుకో, ఎవరికీ చెప్పలేదు. నాల్రోజుల్నుంచి ఎడమ అరికాలు మొద్దుబారినట్టుంటోంది..."

సన్నజాజుల గిన్నె అక్కడే పెట్టి, షుగరు డాక్టరుగారి నంబరు వెతకడానికి నేను లోపలికి పరిగెత్తాను.